వేర్వేరు టైమ్‌జోన్లలోని మెషీన్లకు మెయింటెనెన్స్ విండో: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కూర్చుని డాలస్, లండన్, రియాద్, సింగపూర్, సిడ్నీ మెషీన్లను చూసుకునే మానిటరింగ్ షిఫ్టుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ప్రతిసారీ టీ గ్లాసు చేత్తో పట్టుకుని అవే జవాబులు చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఉదాహరణల్లోని తేదీలు 2026వి.

మెయింటెనెన్స్ విండో అంటే అసలేమిటి?

కరెంటు ఆఫీసువాళ్లు పేపర్లో వేయిస్తారు చూడండి, లైన్ల మరమ్మతుల కోసం ఉదయం 9 నుంచి 12 వరకు ఫలానా కాలనీల్లో సరఫరా ఉండదని. అదే విండో. ఆ మూడు గంటల్లో కరెంటు లేదని 1912కి ఫోన్ చేసినా అవతలివాళ్లు కంగారు పడరు. 12:20 అయినా రాకపోతే మాత్రం లైన్‌మన్‌ని వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

మన పనిలో దీనికి రెండు ముక్కలుంటాయి. ఒకటి, పని జరిగే సమయం: ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ మరమ్మతులు) పడతాయి, మెషీన్ రీబూట్ అవుతుంది. రెండు, మెషీన్ పడిపోయిందని వచ్చే అలర్ట్‌లు మ్యూట్‌లో ఉండే సమయం. మొదటిది ప్యాచింగ్ టూల్‌లో పెడతాం, రెండోది మానిటరింగ్ టూల్‌లో. మనం రెండింటినీ కలిపి "విండో పెట్టాను" అంటాం కానీ ఆ రెండు టూల్స్ ఒకే గడియారాన్ని చూస్తున్నాయన్న నమ్మకమేమీ లేదు. ఈ పేజీలో చెప్పబోయే తిప్పల్లో సగానికి పైగా అక్కడే పుట్టినవి.

విండో ఎవరి టైములో రాయాలి? మన టైములోనా, యూటీసీలోనా (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం), మెషీన్ ఉన్న ఊరి టైములోనా?

ఆ మెషీన్‌ని వాడే మనుషులు ఏ ఊళ్లో నిద్రపోతారో ఆ ఊరి టైములో. విండో పెట్టేదే వాళ్ల పని ఆగకూడదని. డాలస్ గోడౌన్‌లో బిల్లింగ్ సర్వర్ ఉందనుకోండి, అక్కడ ఆదివారం తెల్లవారుజామున 1 నుంచి 4 వరకు ఎవరూ ఉండరు. ఏడాది పొడుగునా నిజంగా ఉండే మాట అదొక్కటే. "మన టైములో మధ్యాహ్నం 12:30" అనేది దానికి ఒక తర్జుమా, అదీ మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి తప్పయిపోయే తర్జుమా. రికార్డులో అసలు మాట రాయండి. తర్జుమా షిఫ్ట్ రోస్టర్‌లో పెట్టుకోండి.

మెషీన్ ఎక్కడుంది అన్నది కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌లో నడిచే సర్వర్‌ను సింగపూర్ ఆఫీసు వాడుతుంటే దానికి సింగపూర్ విండోయే పెట్టాలి.

అన్నీ యూటీసీలో పెట్టేస్తే గొడవ వదిలిపోతుందంటారు కదా?

లాగ్‌లకు, డేటాబేస్‌లో దాచే టైముకు, ఒక్కసారి జరిగి అయిపోయే పనికి యూటీసీ బంగారం. ప్రతి వారం తిరిగొచ్చే విండోకి మాత్రం కాదు. ఆదివారం 07:00 యూటీసీ అని రాశారనుకోండి. చలికాలంలో అది డాలస్‌లో రాత్రి 1 గంట, ఎండాకాలంలో 2 గంటలు. 1 నుంచి 4 అనుకున్న విండో 2 నుంచి 5కి జరుగుతుంది. ఐదింటికి లారీలు లోడింగ్‌కి వచ్చే గోడౌన్ అయితే మొదటి లారీ డ్రైవరే మీకు ఫోన్ చేయిస్తాడు.

మన దేశంలో డేలైట్ సేవింగ్ (ఎండాకాలానికి గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) లేదు కాబట్టి ఇక్కడి మెషీన్లకు యూటీసీ వాడినా గంట జరగదు. కానీ మనకు వేరే చిక్కుంది, అరగంట. మన టైము లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అదే కాకినాడకు దగ్గరగా పోయే రేఖ. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే అయిదున్నర గంటలు. కొన్ని టూల్స్‌లో విండో మొదలయ్యే సమయాన్ని గంటల పట్టీలోంచి మాత్రమే ఎంచుకోగలం, నిమిషాలు ఉండవు. అలాంటప్పుడు యూటీసీలో 20:00 ఎంచుకుంటే ఇక్కడ 1:30 అవుతుంది. రెండింటికి పెట్టమన్నారు కదా అని 21:00 ఎంచుకుంటే 2:30. నేపాల్ ఆఫీసు ఉన్నవాళ్ల బాధ ఇంకా ఎక్కువ, అక్కడ ముప్పావు: యూటీసీకి 5:45 ముందు.

టైము సరిగ్గానే పెట్టాను, అయినా ఒక రోజు తేడా వచ్చింది. ఎందుకు?

గంటలు మార్చి వారం మార్చడం మర్చిపోయి ఉంటారు. మన శనివారం తెల్లవారుజామున 2 గంటలంటే యూటీసీలో శుక్రవారం 20:30. సర్వర్ యూటీసీలో ఉండి, క్రాన్‌లో (లినక్స్‌లో చెప్పిన టైముకి పనులు నడిపేది) "20:30, శనివారం" అని రాస్తే పని ఆదివారం తెల్లవారుజామున జరుగుతుంది. అలర్ట్ మ్యూట్ శనివారమే అయిపోయి ఉంటుంది. క్రాన్ లైన్ చూస్తే తప్పేమీ కనపడదు, అదే దీని విషం.

మన భాష కూడా ఇక్కడ కాస్త అడ్డం పడుతుంది. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, మన నోటికి ఇప్పటికీ అదే అలవాటు. "శనివారం రాత్రి ఒంటిగంటకు" అని మనవాళ్లు అంటే క్యాలెండర్ ప్రకారం అది ఆదివారం 01:00. డాలస్‌లో కూర్చున్న తెలుగాయన, హైదరాబాద్‌లో ఉన్న తెలుగమ్మాయి కాల్‌లో తెలుగులోనే మాట్లాడుకుని, ఇద్దరూ సరే అనుకుని, ఒకరు శనివారం 01:00 అని, ఇంకొకరు ఆదివారం 01:00 అని టికెట్‌లో (పని వివరాలు నమోదు చేసే రికార్డు) రాయడం నేను కళ్లారా చూశాను. రాత్రి 12:15 రైలుకి ఒక రోజు తేడాతో స్టేషన్‌కి వెళ్లిన చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఇదీ అంతే. మాట ఎలా అన్నా టికెట్‌లో మాత్రం తేదీ, 24 గంటల లెక్కలో సమయం ఉండాలి. 00:00 అసలు వాడకండి, అది ముందు రోజుదా తర్వాతి రోజుదా అని అడగనివాడు లేడు. 00:05 అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

డేలైట్ సేవింగ్ మారే ఆదివారం ఏం జరుగుతుంది?

విండోలు ఎక్కువగా ఆదివారం తెల్లవారుజామునే పెడతాం. అమెరికాలో గడియారం మారేది కూడా ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకే. ఏడాదికి రెండుసార్లు ఆ మార్పు సరిగ్గా మన విండో నడుమ పడుతుంది.

డాలస్ విండో 1 నుంచి 4 అనుకుందాం. మార్చి 8న 1 గంటకు మొదలవుతుంది, మన టైములో మధ్యాహ్నం 12:30. గంట గడిచాక, 2 కావాల్సిన చోట గడియారం 3 చూపిస్తుంది. ఇంకో గంటకు 4. అంటే మన టైములో 2:30కే విండో మూసుకుపోయింది. మూడు గంటలు రాసి ఉన్నా చేతికి వచ్చింది రెండే. ఆ రోజు 2:30 అనే సమయమే డాలస్‌లో లేదు. అప్పటికి పెట్టిన పని ఏమవుతుందన్నది మీ షెడ్యూలర్ దయ. లినక్స్‌లో విరివిగా వాడే క్రాన్‌లు గడియారం దూకిందని గమనించి, దాటిపోయిన పనిని వెంటనే నడుపుతాయి. అన్ని టూల్స్ అంత మర్యాద చూపవు.

నవంబరు 1న తిరగబడుతుంది. 1 గంటకు (మనకు 11:30) మొదలై, 2 కాగానే మళ్లీ 1 అవుతుంది. 4 కొట్టేసరికి మన టైములో 3:30. మొత్తం నాలుగు గంటలు. 1:30 అనేది రెండుసార్లు వస్తుంది: ఒకటి మన మధ్యాహ్నం 12కు, ఇంకొకటి 1కి. 1:30కి రీబూట్ పెట్టి ఉంటే ఏ 1:30కి? సరిగ్గా రాయని స్క్రిప్టు అయితే రెండింటికీ చేస్తుంది.

విండోని "మొదలు, ముగింపు"గా దాస్తారా, "మొదలు, నిడివి"గా దాస్తారా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్ నిడివిని పట్టుకుంటుంది: 01:00 నుంచి రెండు గంటలని చెప్తే, నడుమ గడియారం దూకినా రెండు గంటలూ ఇచ్చి 04:00కి ముగిస్తుంది. నాకు ఈ పద్ధతే ఇష్టం.

ఆ రెండు ఆదివారాలు ముఖ్యమైన పని పెట్టుకోకపోవడం అన్నిటికంటే చవక. తప్పదంటే మార్చిలో 2 గంటలకు, నవంబరులో 1 గంటకు ముందే ముగిసేలా, లేదా 3 దాటాక మొదలయ్యేలా జరపండి.

ఆ ఆదివారం బాగానే గడిచింది. తర్వాతి వారం అలర్ట్‌లు వరదలా వచ్చాయి. ఇదేమిటి?

ఇది నా సొంత గాయం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక క్లయింటుకి డాలస్‌లో నలభై చిల్లర సర్వర్లు. ప్యాచింగ్ వాళ్ల టూల్‌లో, డాలస్ టైములో. మ్యూట్ మా మానిటరింగ్ సర్వర్‌లో, అది హైదరాబాద్ టైములో. డిసెంబరులో నేనే పెట్టాను, మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు. మూడు నెలలు చక్కగా నడిచింది. మార్చిలో గడియారం మారిన తర్వాతి ఆదివారం ప్యాచింగ్ 11:30కే మొదలైంది. మ్యూట్ ఇంకా గంట దూరంలో ఉంది. నేను కూకట్‌పల్లి రైతుబజార్‌లో కూరగాయలు కొంటున్నాను. షిఫ్టులో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, విండో ఉంది కదా, డాలస్ మొత్తం పడిపోయినట్టు చూపిస్తోందేంటి?" అన్నాడు. కూరల సంచీ అక్కడే పెట్టి ల్యాప్‌టాప్ కోసం ఇంటికి పరుగు.

మ్యూట్‌ని చేత్తో గంట వెనక్కి జరిపి హాయిగా ఉన్నాం. నవంబరు వచ్చింది. ప్యాచింగ్ మళ్లీ 12:30కి వెళ్లింది, మ్యూట్ 11:30కే మొదలైంది. ఆ మధ్య గంటలో పనేమీ జరగడం లేదు, అలర్ట్‌లు మాత్రం మూసి ఉన్నాయి. ఒక డేటాబేస్ డిస్క్ నిజంగానే నిండిపోయింది, ఆ గంటసేపు ఎవరికీ తెలియలేదు. మార్చి తప్పు గోల చేసింది, కనుక పట్టుకున్నాం. నవంబరు తప్పు కిక్కురుమనలేదు. రెండింటిలో భయపడాల్సింది నవంబరుకే.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ప్యాచింగ్ ఏ టైమ్‌జోన్ పేరుతో ఉందో మ్యూట్ కూడా అదే పేరుతో ఉండాలి. టూల్ ఒప్పుకోకపోతే, పని మొదలుపెట్టే స్క్రిప్టే ముందుగా మానిటరింగ్ టూల్‌ని పిలిచి మ్యూట్ చేయించి, అయ్యాక తీయించాలి.

అమెరికా, యూరప్ ఒకే రోజు మారవా?

మారవు. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, అదీ మారే దేశాలన్నిటిలో ఒకే క్షణంలో, 01:00 యూటీసీకి. కాబట్టి మార్చి 8 నుంచి 29 వరకు న్యూయార్క్, లండన్ మధ్య తేడా అయిదు గంటలు కాదు, నాలుగే. లండన్ పని అయ్యాక న్యూయార్క్ పని అని ఒకదాని వెనక ఒకటి బిగించి పెట్టినవాళ్లకు ఆ మూడు వారాల్లో రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

సిడ్నీది పూర్తిగా ఎదురు. మనకు ఎండలు ముదిరే ఏప్రిల్‌లో వాళ్ల గడియారం వెనక్కి వస్తుంది.

అసలు మారని ఊళ్లు ఏవి?

మన దేశం, సింగపూర్, దుబాయ్, రియాద్, జపాన్ మారవు. అమెరికాలోనే హవాయి మారదు, అరిజోనా కూడా మారదు, ఆ రాష్ట్రంలోని నవాహో నేషన్ (ఆదివాసీల స్వయంపాలిత ప్రాంతం) మాత్రం మారుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ మారుతుంది, బ్రిస్బేన్ మారదు. "ఆస్ట్రేలియా సర్వర్లు" అని ఒకే గ్రూపు కట్టారంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సగం గ్రూపు తప్పు గంటలో ఉంటుంది.

ఈ జాబితాను బట్టీ పట్టకండి, ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి. బ్రెజిల్ 2019లో మానేసింది. మెక్సికోలో ఎక్కువ భాగం 2022లో మానేసింది. ఈజిప్టు 2023లో మళ్లీ మొదలుపెట్టింది. కజకిస్తాన్ 2024 మార్చి 1న దేశమంతా ఒకే టైముకి వచ్చింది. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం చివరి క్షణంలో మార్పుని వాయిదా వేసి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. కొన్ని రోజులపాటు ఆ దేశంలో రెండు టైములు నడిచాయి.

మరి కంప్యూటర్‌కి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

ఐయానా (ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసే సంస్థ) నిర్వహించే టైమ్‌జోన్ డేటాబేస్ ఒకటుంది, అందరూ టీజెడ్‌డేటా అంటారు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టాడు, ఇప్పుడు పాల్ ఎగర్ట్ చూస్తున్నాడు. ఏడాదికి కొన్నిసార్లు కొత్త వెర్షన్ వస్తుంది. లినక్స్‌కి ప్యాకేజీగా, విండోస్‌కి దాని సొంత అప్‌డేట్లలో మార్పులు అందుతాయి. చాలామంది మర్చిపోయేది జావా. జావా తన కాపీ తానే పెట్టుకుంటుంది. సర్వర్‌ని అప్‌డేట్ చేసినా దాని మీద నడిచే జావా టూల్ పాత లెక్కలోనే ఉండొచ్చు. కంటైనర్లదీ (అప్లికేషన్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూటలు) అదే కథ, ఆ మూట ఎప్పుడు కట్టారో ఆనాటి డేటాతోనే తిరుగుతుంటాయి.

టైమ్‌జోన్‌ని ఎలా రాయాలి? ఈఎస్‌టీ, ఐఎస్‌టీ అని రాస్తే చాలదా?

చాలదు. ఐఎస్‌టీ అంటే మనకు మన టైము, ఐర్లండ్‌లో వాళ్ల ఎండాకాలం టైము, ఇజ్రాయెల్‌లో వాళ్ల టైము. సీఎస్‌టీ అంటే డాలస్ కావచ్చు, చైనా కావచ్చు, క్యూబా కావచ్చు. ఇక ఈఎస్‌టీ (తూర్పు అమెరికా చలికాలం టైము) అని జూలైలో రాసే అమెరికన్ క్లయింట్లు కొల్లలు. ఎండాకాలంలో వాళ్లుండేది ఈడీటీలో, అంటే అక్కడి ఎండాకాలం టైములో. వాళ్ల మాటని అక్షరాలా నమ్మిన టూల్ గంట ఆలస్యంగా మొదలవుతుంది.

ఊరి పేరుతో రాయండి: అమెరికా/షికాగో, యూరప్/లండన్, ఏషియా/కోల్‌కతా. డాలస్ పేరు ఆ జాబితాలో ఉండదు, షికాగోదే దానికి వర్తిస్తుంది. అరిజోనాకి అమెరికా/ఫీనిక్స్. "యూటీసీ−6" లాంటివి తిరిగొచ్చే విండోలకు పనికిరావు, అవి గడియారంతో పాటు మారవు.

ఏ టూల్ ఏ గడియారం చూస్తుంది?

అన్నీ ఇక్కడ చెప్పలేను, నేను చేత్తో వాడినవి చెప్తాను.

జాబిక్స్‌లో విండోని రాసేటప్పుడు రాసేవాడి టైమ్‌జోన్ తీసుకుంటుంది. కానీ రోజువారీ, వారంవారీ, నెలవారీ విండోలను జాబిక్స్ సర్వర్ టైమ్‌జోన్‌లో లెక్కేస్తుంది. ఈ ఒక్క వాక్యం తెలియక పోగొట్టుకున్న ఆదివారాలు ఎన్నో. ప్రొమీథియస్ (ఇదీ మానిటరింగ్ టూలే) వెంట వచ్చే అలర్ట్‌మేనేజర్‌లో తిరిగొచ్చే మ్యూట్‌లు మామూలుగా యూటీసీలో ఉంటాయి. కొత్త వెర్షన్లలో లొకేషన్ అని ఒక వరుస రాసి ఊరి పేరు ఇవ్వొచ్చు. దాంట్లో ఇంకో మెలిక, సమయం అర్ధరాత్రి దాటకూడదు. శనివారం 22:00 నుంచి 02:00 కావాలంటే శనివారం 22:00–24:00 ఒకటి, ఆదివారం 00:00–02:00 ఇంకొకటి రాయాలి. రెండో ముక్కకి వారం మార్చడం మర్చిపోతే పైన చెప్పిన రైలు కథే.

విండోస్ మెషీన్లకు ప్యాచ్‌లు వేసే మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో (పాతవాళ్లు ఇంకా ఎస్‌సీసీఎం అనే అంటారు) విండో ఆయా మెషీన్ సొంత టైములో నడుస్తుంది, యూటీసీ కావాలంటే టిక్కు పెట్టాలి. ఒకే కలెక్షన్‌కి (మెషీన్ల గుంపుకి) "ఆదివారం 01:00" అని పెడితే ప్రతి ఊళ్లో వాళ్ల ఒంటిగంటకే జరుగుతుంది. ఇది చాలా హాయి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని సిస్టమ్స్ మేనేజర్‌లో విండోకి టైమ్‌జోన్ పేరు ఇవ్వొచ్చు. లినక్స్‌లో ఉండే సిస్టమ్‌డీ టైమర్లలో సమయం చివర ఊరి పేరు తగిలించవచ్చు. రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌ల క్రాన్‌లో టైమ్‌జోన్‌కి వేరే వరుసుంటుంది.

మీ టూల్ ఈ జాబితాలో లేకపోతే, ఒక పాత టెస్ట్ మెషీన్‌కి వేరే టైమ్‌జోన్ ఇచ్చి పది నిమిషాల విండో పెట్టి చూడండి. డాక్యుమెంట్ చదవడం కంటే త్వరగా తెలుస్తుంది.

ప్రతి ఊళ్లో "ఆదివారం 01:00" అంటే మన షిఫ్టుకి ఎలా కనిపిస్తుంది?

జనవరిలో చూడండి. సిడ్నీ విండో మన శనివారం రాత్రి 7:30కి తెరుచుకుంటుంది. సింగపూర్‌ది రాత్రి 10:30కి. లండన్‌ది ఆదివారం ఉదయం 6:30కి. డాలస్‌ది మధ్యాహ్నం 12:30కి. మొదటి విండోకీ చివరి విండోకీ 17 గంటలు. ఒకే మనిషి ఇది మోయలేడు, మూడు షిఫ్టుల మధ్య హ్యాండోవర్ రాయాల్సిందే.

దీనివల్ల ఒక లాభమూ ఉంది. ప్యాచ్ చెడ్డదైతే సిడ్నీలోనే బయటపడుతుంది, డాలస్‌కి వెళ్లేలోపు ఆపేయొచ్చు. ఆపే బటన్ ఎవరి చేతిలో ఉందో శనివారం సాయంత్రమే తెలిసి ఉండాలి, అంతే.

ఫిక్స్‌డ్, ఫ్లెక్సిబుల్ డౌన్‌టైమ్‌లలో ఏది?

నాగియోస్ అనే మానిటరింగ్ టూల్‌లో ఈ రెండూ కనిపిస్తాయి, అక్కడ మ్యూట్‌ని డౌన్‌టైమ్ అంటారు. ఫిక్స్‌డ్ అంటే చెప్పిన సమయానికి మొదలు, చెప్పిన సమయానికి ముగింపు. ఫ్లెక్సిబుల్ అంటే "1 నుంచి 4 మధ్య ఎప్పుడో ఒకప్పుడు మెషీన్ పడిపోతుంది, పడిన క్షణం నుంచి 30 నిమిషాలు ఊరుకో" అని చెప్పడం. రీబూట్ కచ్చితంగా ఎప్పుడో తెలియనప్పుడు ఇది చక్కగా పనికొస్తుంది. అవతలి టీము ఎప్పుడు మొదలుపెడుతుందో చెప్పని సందర్భాల్లో కూడా, అంటే దాదాపు ఎప్పుడూ.

"నెలలో రెండో శనివారం" అని పెట్టాను, ఒక నెల ప్యాచ్‌లే లేవు. ఎందుకు?

మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం, పసిఫిక్ టైము ఉదయం 10కి వస్తాయి. మనకు ఎండాకాలంలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. ఆ తర్వాత వచ్చే శనివారమే రెండో శనివారం అనుకుంటారు. అన్ని నెలల్లో కాదు. ఆగస్టు 2026 శనివారంతో మొదలవుతుంది. రెండో శనివారం 8న, రెండో మంగళవారం 11న. ప్యాచ్ రాకముందే విండో అయిపోయింది. నెల బుధ, గురు, శుక్ర, శనివారాల్లో దేనితో మొదలైనా ఇదే జరుగుతుంది. "రెండో మంగళవారం తర్వాత నాలుగు రోజులకు" అని పెట్టే వీలు టూల్‌లో ఉందేమో చూడండి.

విండో ఎంతసేపు ఉండాలి?

పనికి పట్టే సమయం, దాన్ని వెనక్కి తీసుకోవడానికి పట్టే సమయం, పైన ఓ అరగంట. కాన్ఫిగరేషన్ మేనేజర్ అయితే ప్రతి అప్‌డేట్‌కీ గరిష్ఠ సమయం చూసి, మిగిలిన విండోలో పట్టదనుకుంటే మొదలే పెట్టదు. గంట పట్టే అప్‌డేట్‌కి ముప్పావుగంట విండో ఇస్తే ఆరు నెలలైనా ఆ ప్యాచ్ పడదు. ఎర్రర్ కూడా కనపడదు.

మ్యూట్‌లో ఉన్నంతసేపు డేటా సేకరణ కూడా ఆపేయాలా?

వద్దు. జాబిక్స్ రెండు రకాలూ ఇస్తుంది, డేటా తీసుకుంటూ, తీసుకోకుండా. తీసుకోండి. రీబూట్ అయ్యాక సర్వీస్ ఎన్ని నిమిషాలకు లేచిందో సోమవారం మీటింగ్‌లో అడుగుతారు, అప్పుడు గ్రాఫ్‌లో గుంత ఉంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

మ్యూట్ చేసిన మెషీన్ మీద ఆధారపడినవాటి సంగతి కూడా చూసుకోండి. లండన్ డేటాబేస్‌ని మ్యూట్ చేసి రీబూట్ చేస్తే, దాన్ని పిలిచే డాలస్ అప్లికేషన్ అలర్ట్ ఇస్తుంది. దానికి విండో లేదు మరి.

ల్యాప్‌టాప్‌ల సంగతి?

వాటికి ఊరు ఉండదు. డిసెంబరులో డాలస్ నుంచి విజయవాడ వచ్చిన ఉద్యోగి ల్యాప్‌టాప్ తానే టైమ్‌జోన్ మార్చుకుంటుంది. రాత్రి 1 గంట విండో అంటే అది మూత మూసి సంచీలో పడుకునే సమయం. ల్యాప్‌టాప్‌లకు రాత్రి విండో మీద ఆశ పెట్టుకోకండి. మూడు రోజుల గడువిచ్చి, వాడేవాళ్లనే రీబూట్ చేసుకోమనడం మేలు.

మెషీన్ గడియారమే తప్పుగా ఉంటే?

ముందు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసేది) చూడండి. తేడా సరిగ్గా 5:30 గంటలు ఉంటే అది ఎన్‌టీపీ తప్పు కాకపోవచ్చు: విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా చదువుతుంది. రెండూ ఉన్న మెషీన్లలో మన దేశంలో ఆ అంకె కనపడగానే అర్థమైపోతుంది. గడియారంలో అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బరోస్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో సరిచూసే పద్ధతి) లాగిన్‌లు కూడా ఆగిపోతాయి, అప్పుడు విండో సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం అందరికీ సెలవేగా?

రియాద్‌లో కాదు. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం ఉదయం ఆఫీసులు కిటకిటలాడతాయి. దుబాయ్ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది. రెండింటినీ "గల్ఫ్" అని ఒకే గ్రూపులో వేస్తే ఒకరికి దెబ్బ. రియాద్‌కి శనివారం 01:00 పెడతాం, మనకు తెల్లవారుజామున 3:30.

మన దగ్గర రాత్రిళ్లు ఖాళీ అన్న నమ్మకమూ పాతబడింది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా నడుస్తున్నాయి. బ్యాంకు సర్వర్లకు "ఎవరూ వాడని గంట" లేదు, తక్కువమంది వాడే గంట ఉంటుంది. అది గ్రాఫ్ చూసి తెలుసుకోవాలి.

క్లయింటుకి మెయిల్ ఎలా రాయాలి?

ఇలా రాస్తాం: "డాలస్ బిల్లింగ్ సర్వర్లు. ఆదివారం, 8 మార్చి 2026, 00:05 నుంచి 01:45 వరకు, డాలస్ టైము (యూటీసీ−6). హైదరాబాద్‌లో అదే ఆదివారం 11:35 నుంచి 13:15 వరకు. గడియారం మారకముందే పని ముగుస్తుంది."

నెలని అక్షరాల్లో రాయండి. 08/03 అంటే మనకు మార్చి 8, వాళ్లకు ఆగస్టు 3. "రేపు రాత్రి", "ఈ వీకెండ్" లాంటి మాటలు వద్దు, చదివేసరికి వాళ్ల రేపు వేరు.

పని కాలేదు, విండో అయిపోతోంది. ఏం చేయాలి?

మ్యూట్‌ని అరగంట చొప్పున పొడిగించండి, టికెట్‌లో రాయండి. ముగింపు లేని మ్యూట్ మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి. "రేపు తీసేస్తాలే" అని పెట్టినవి నేను ఎనిమిది నెలల తర్వాత తీసిన సందర్భాలున్నాయి.

2026లో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీలు?

మార్చి 8 అమెరికా, మార్చి 29 యూరప్, ఏప్రిల్ 5 సిడ్నీ. మళ్లీ అక్టోబరు 4 సిడ్నీ, 25 యూరప్, నవంబరు 1 అమెరికా. ప్రతి తేదీకి ముందు సోమవారం ఒకసారి, తర్వాతి విండోకి ముందు ఇంకొకసారి మ్యూట్‌లు, ప్యాచింగ్ పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా మార్పు తర్వాత వచ్చే మొదటి ఆదివారం నవంబరు 8. డాలస్ విండో ఆ రోజు మన మధ్యాహ్నం 12:30కి తెరుచుకుంటుంది, అదే దీపావళి. షిఫ్టుకి ఎవరుంటారో దసరా లోపే అడిగి పెట్టుకోండి.